ఒకటో తారీఖు బిల్లులు ఎటు పోయాయి?

ప్రశ్న: అయ్యా, మాది గోదావరి జిల్లాలో ఓ మోస్తరు పట్నం. మా నాన్నగారు పెట్టిన కిరాణా కొట్టును నేను సూపర్ మార్కెట్‌గా మార్చాను. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి ఆరు బ్రాంచీలున్నాయి. ఒకప్పుడు మా ఊళ్ళో నెల సరుకులంటే మా షాపే. డీమార్ట్ వచ్చి రెండేళ్ళయింది. ఈమధ్య పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు కూడా మొదలయ్యాయి. అమ్మకాలు దాదాపు ఐదో వంతు పడిపోయాయి. సరుకు ముందు వరసలో పెట్టినందుకు కంపెనీలిచ్చే డిస్‌ప్లే రెంట్లు, స్కీముల డబ్బు బాగా వస్తోంది కాబట్టి ఇంకా నష్టాల్లోకి పోలేదు. డిస్ట్రిబ్యూటర్లకు ఇదివరకు పదిహేను రోజులకిచ్చే డబ్బు ఇప్పుడు నలభై ఐదు రోజులకిస్తూ నెట్టుకొస్తున్నాం. మా అబ్బాయి ఎంబీఏ చేశాడు. అన్నిటి మీదా ఐదు శాతం తగ్గిద్దాం, సొంత యాప్ పెడదాం, పక్క ఊళ్ళలో ఇంకో నాలుగు బ్రాంచీలు తెరుద్దాం అంటున్నాడు. ఇంగ్లండ్‌లో టెస్కో అనే సూపర్ మార్కెట్ల కంపెనీ కూడా ఇలాగే పడి లేచిందట, వాళ్ళేం చేశారో చూడమంటాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొన్న మా ఆవిడే 'ఈ నెల సరుకులు డీమార్ట్‌లో తెచ్చుకుందామండీ' అంది. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట మీ శ్రీమతి గారు అన్నది. దాని దగ్గరికి చివర్లో వస్తాను. నన్ను భయపెట్టిన మాట మాత్రం మధ్యలో ఉంది. డిస్‌ప్లే రెంట్లు, స్కీముల డబ్బు బాగా వస్తున్నాయి కాబట్టి నష్టం లేదన్నారు. మీరు దాన్ని ఊరట అనుకుంటున్నారు. చాలా ఏళ్ళు ఈ వ్యాపారంలో కొనుగోళ్ళ టేబుల్ వెనక కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకది జ్వరంలా కనిపించింది.

మీ అబ్బాయి టెస్కో పేరెత్తడం మంచిదైంది. ఆ కథను అందరూ లేచిన దగ్గర్నుంచి చెబుతారు. మీకు ముందు కావాల్సింది పడిన భాగం.

టెస్కో 1919లో తూర్పు లండన్ సంతలో జాక్ కోహెన్ అనే ఆయన పెట్టుకున్న చిన్న అంగడితో మొదలైంది. మీ నాన్నగారి కొట్టు లాంటిదే. 1995లో సెయిన్స్‌బరీస్ అనే పోటీ కంపెనీని దాటి బ్రిటన్‌లో మొదటి స్థానానికొచ్చింది. అదే ఏడాది క్లబ్‌కార్డ్ అనే లాయల్టీ కార్డు పెట్టి, ఎవరింట్లో ఏం కొంటున్నారో లెక్కలు తీయడం నేర్చుకుంది. 2007 ప్రాంతంలో ఆ దేశపు పచారీ వ్యాపారంలో 31 శాతానికి పైగా ఆ ఒక్క కంపెనీదే. అక్కణ్ణుంచి చూపు ఇల్లు దాటి పోయింది. అమెరికాలో 'ఫ్రెష్ అండ్ ఈజీ' పేరుతో 2007లో స్టోర్లు తెరిచి, 2013లో చేతులెత్తేసింది. పెద్ద పెద్ద హైపర్ మార్కెట్ల కోసం కొన్న స్థలాలు ఖాళీగా పడి ఉన్నాయి. స్వదేశంలో ఏమో స్టోర్లలో మనుషులు తగ్గారు, రాక్‌ల మీద రకాలు పెరిగాయి. జర్మనీ నుంచి వచ్చిన ఆల్డీ, లిడ్ల్ అనే చవక దుకాణాలు 1990ల నుంచీ అక్కడే ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. 2008లో జీతాలకు గడ్డురోజులు వచ్చాక, మధ్యతరగతి వాళ్ళు కూడా ఓసారి వెళ్ళి చూశారు. చూసినవాళ్ళలో చాలామంది మళ్ళీ వెళ్ళారు. 2014 నాటికి టెస్కో వాటా 29 శాతం లోపుకు దిగింది.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మకాలు పడిపోతున్నా లాభం ఎలా చూపించారు? కంపెనీల దగ్గర్నుంచి డబ్బు లాగి. సరుకును కంటికెదురుగా ఉండే రాక్‌లో పెట్టినందుకు ఇంత, ఆఫర్ పెట్టినందుకు ఇంత, ఏడాదిలో ఇన్ని లక్షల పెట్టెలు అమ్మిపెడితే ఇంత. ఇంగ్లండ్‌లో దాన్ని 'కమర్షియల్ ఇన్‌కమ్' అనేవారు. మన దగ్గర డిస్‌ప్లే రెంటు, టార్గెట్ స్కీము అంటాం. పేరేదైనా డబ్బొకటే. చివరికి రేపు రాబోయే స్కీముల డబ్బును కూడా ఈ రోజే వచ్చినట్టు పుస్తకాల్లో రాసుకున్నారు. 2014 సెప్టెంబర్ 22న టెస్కో తనంతట తానే ఒప్పుకుంది, ఆరు నెలల లాభం అంచనాలో సుమారు 25 కోట్ల పౌండ్లు ఎక్కువగా చూపించామని. 2017లో అక్కడి దర్యాప్తు సంస్థతో ఒప్పందం చేసుకుని 12.9 కోట్ల పౌండ్ల జరిమానా కట్టింది. కేసు పెట్టిన ముగ్గురు మాజీ అధికారులను మాత్రం కోర్టు తర్వాత నిర్దోషులని వదిలేసింది. అది వేరే సంగతి.

మీరు పుస్తకాల్లో తప్పు రాశారని నేననడం లేదు. మీది ఆరు బ్రాంచీల వ్యాపారం, వాళ్ళది వేల స్టోర్లు. కానీ జబ్బు ఒకటే. డబ్బు కొనేవాళ్ళ దగ్గర్నుంచి కాకుండా అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి రావడం మొదలైన రోజు నుంచి, షాపులో ఏం పెట్టాలో మీరు కాకుండా కంపెనీ సేల్స్‌మన్ నిర్ణయిస్తాడు. మీ షాపుకు ఎదురుగా రోడ్డుమీద నిలబడి ఒకసారి లోపలికి చూడండి. గుమ్మం దగ్గర మొదట కనిపించేది ఏమిటి? నేనైతే పందెం కాస్తాను, కొత్తగా వచ్చిన బాడీ వాషో, ఓట్స్ బిస్కెట్టో, రెండు కొంటే ఒకటి ఫ్రీ అని రాసిన నూడుల్సో ఉంటుంది. మీ ఊళ్ళో దాని కోసం చీటీ రాసుకుని ఎవరైనా వస్తారా?

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. ఓ సూపర్ మార్కెట్ చెయిన్‌లో పర్చేజు చూస్తున్న రోజుల్లో, మార్చి నెలాఖరున ఒక సబ్బుల కంపెనీ ఏరియా మేనేజరు వచ్చి కూర్చున్నాడు. టార్గెట్‌కు తక్కువ పడిందన్నాడు, నాలుగు వందల కేసులు దింపుకుంటే అదనంగా నాలుగు శాతం ఇస్తానన్నాడు. దింపుకున్నాను. నాలుగు శాతం కాగితం మీద ఎంత బాగుందో! ఆ వారంలోనే ఉగాది. డబ్బంతా సబ్బుల్లో ఇరుక్కుపోయి కందిపప్పు, బెల్లం, చింతపండు సమయానికి దింపుకోలేకపోయాం. పండగ ముందు రోజు సాయంత్రం జనం బుట్టలు పట్టుకుని బెల్లం రాక్ దాకా వచ్చి, ఖాళీ చూసి, బుట్ట అక్కడే కింద పెట్టి వెళ్ళిపోయారు. బెల్లం దొరకనివాళ్ళు మిగతా సామాను కూడా వేరే చోటే కొంటారని ఆ సాయంత్రం కళ్ళారా చూశాను. సబ్బులు మరుసటి దసరా దాకా గోడౌన్‌లో వాసనలు వెదజల్లుతూనే ఉన్నాయి.

కాబట్టి ధరలు తగ్గించడం కన్నా, యాప్ కన్నా ముందు ఒక లెక్క తీయాలి. పోయిన ఐదో వంతు ఎక్కడ పోయింది? 'డీమార్ట్ తీసుకుపోయింది' అనేది జవాబు కాదు. మన ఊళ్ళలో సరుకులు కొనడానికి ఒక పద్ధతి ఉంది. జీతాలు పడ్డాక ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు లోపు చీటీ రాసుకుని పెద్ద బిల్లు చేస్తారు. నెల మధ్యలో అయిపోయినవి తెచ్చుకుంటారు. రోజూ సాయంత్రం పాలు, పెరుగు, కొత్తిమీర, బ్రెడ్డు. మీ బిల్లింగ్ కంప్యూటర్లో పాత బిల్లులన్నీ ఉండే ఉంటాయి. డీమార్ట్ రాకముందు ఒక నెల తీసుకోండి. పండగ లేని నెలైతే మేలు. ఇప్పుడు అదే నెల తీసుకోండి. మొదటి పది రోజుల్లో వెయ్యి రూపాయలు దాటిన బిల్లులు అప్పుడెన్ని, ఇప్పుడెన్ని? సాయంత్రం ఐదు తర్వాత రెండు వందల లోపు బిల్లులు అప్పుడెన్ని, ఇప్పుడెన్ని?

పెద్ద బిల్లులు పోయి చిన్నవి మిగిలితే, జనానికి మీరింకా దగ్గరే, కానీ మీ ధర మీద నమ్మకం పోయింది. చిన్నవి పోయి పెద్దవి మిగిలితే అది యాప్‌ల పని. రెండింటి సంఖ్యా తగ్గకుండా ఒక్కో బిల్లు మొత్తం మాత్రమే తగ్గితే, మనుషులు వస్తున్నారు గానీ నూనె, పప్పులు మాత్రం ఇంకెక్కడో కొంటున్నారు. మూడింటికీ మందు వేరు వేరు. ఆరు బ్రాంచీలకూ విడివిడిగా తీయండి, ఒక్కో ఊళ్ళో ఒక్కో జవాబు రావచ్చు. ఇందుకు కన్సల్టెంటు అక్కర్లేదు. మీ అబ్బాయికి రెండు రోజుల పని. అతని ఎంబీఏకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు కనబడలేదు.

నా అనుమానం మొదటిదే. మీ శ్రీమతి గారి మాటను బట్టి చూసినా అంతే. అలాగైతే అన్నిటి మీదా ఐదు శాతం తగ్గిద్దామన్న మాట ఇప్పుడే మర్చిపోండి. వంద రూపాయలకు అమ్మే వస్తువు మీకు ఎనభై ఐదుకు పడుతోందనుకుందాం. మిగిలేది పదిహేను. ఐదు తగ్గిస్తే మిగిలేది పది. మునుపటి పదిహేను మళ్ళీ కళ్ళ చూడాలంటే అదే వస్తువు ఒకటిన్నర రెట్లు అమ్మాలి. ఐదో వంతు పోగొట్టుకున్న షాపు ఒక్కసారిగా సగం పెంచుకోవాలన్నమాట. అయ్యే పని కాదు. పైగా ఇంగువ డబ్బా మీద ఐదు శాతం తగ్గించినా ఎవరూ గమనించరు, ఎందుకంటే ఇంగువ ధర ఎవరికీ గుర్తుండదు.

గుర్తుండేవి వేరే ఉన్నాయి. కందిపప్పు కిలో, మినపగుళ్ళు, పంచదార, సన్‌ఫ్లవర్ నూనె లీటరు ప్యాకెట్టు, ఇడ్లీ రవ్వ, గోధుమపిండి, ఎండుమిర్చి, టీ పొడి, బట్టల సబ్బు, పళ్ళపేస్టు, ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తా. ఇలాంటివి లెక్కపెడితే నూరు, నూటయాభై దాటవు. షాపు 'చవక' అనో 'ఖరీదు' అనో ఇంట్లో ఆడవాళ్ళు తేల్చేది ఈ నూటయాభై మీదే. వీటి మీద మీ ధర డీమార్ట్ కన్నా ఎక్కువ ఉండకూడదు, అంతే. తక్కువ కూడా ఉండక్కర్లేదు. మిగతా వేల రకాల మీద మీ మార్జిన్ మీరు తీసుకోండి. 2020 మార్చిలో టెస్కో చేసింది ఇదే. ఎంచుకున్న కొన్ని వందల వస్తువులకు 'ఆల్డీ ధరే మా ధర' అని రాక్ మీదే అట్ట పెట్టింది. పోటీదారు పేరు తన షాపులో తనే రాసిపెట్టడం చిన్న విషయం కాదు. మీరు కందిపప్పు డబ్బా మీద డీమార్ట్ ధర రాసి పెట్టగలరా? పెడితే ఆ వారం ఊళ్ళో అదే మాట.

ధర విషయంలో వాళ్ళు ముందు ఒక పొరపాటు చేసి దిద్దుకున్నారు. పక్క షాపులో తక్కువుంటే ఆ తేడాకు కూపన్ ఇచ్చేవాళ్ళు, మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోమని. జనానికి అది మెహర్బానీలా అనిపించింది. 2015 అక్టోబర్‌లో ఆ పద్ధతి మార్చి, బ్రాండెడ్ సామానుకు తేడాను బిల్లులోనే అక్కడికక్కడే తగ్గించడం మొదలుపెట్టారు. మీ లాయల్టీ పాయింట్లు కూడా చూసుకోండి. ఏడాది చివర స్టీలు గిన్నె ఇచ్చే పాయింట్ల కన్నా, ఫోన్ నంబరు చెప్పిన వెంటనే బిల్లులో పది రూపాయలు తగ్గితే మనిషి ముఖం వెలుగుతుంది. 2019 నుంచి టెస్కో క్లబ్‌కార్డ్ కూడా ఆ దారిలోకే వచ్చింది. కార్డున్నవాళ్ళకు వేరే ధర, ఆ ధర కూడా రాక్ మీదే కనబడుతుంది.

నూటయాభై వస్తువుల మీద తగ్గించే డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి? కదలకుండా పడి ఉన్న డెడ్ స్టాక్‌లోంచి. 2014 సెప్టెంబర్‌లో టెస్కో పగ్గాలు పట్టిన డేవ్ లూయిస్ అంతకుముందు యూనిలీవర్‌లో సబ్బులూ షాంపూలూ అమ్మినవాడు. కంపెనీలు షాపులకు స్కీములు ఎందుకిస్తాయో అవతలి ఒడ్డు నుంచి చూసినవాడు. అప్పటికి టెస్కోలో దాదాపు 90,000 రకాల సరుకులు ఉండేవి. టమాటా కెచప్ ఒక్కటే 28 రకాలు, ఆల్డీలో ఒకే ఒకటి. మూడో వంతు దాకా రకాలు తీసేయాలని పనిలోకి దిగారు. ఒక్క రకం తీసేస్తే ఆ చోట్లో బాగా కదిలే సరుకు రెండింతలు పెట్టొచ్చు, అది మాటిమాటికీ అయిపోదు, నింపే కుర్రాడికి పని తగ్గుతుంది. కొనుగోలు పరిమాణం పెరిగి రేటు కూడా దిగుతుంది.

మీ దగ్గర అగర్‌బత్తీలు ఎన్ని రకాలు? డిష్‌వాష్ లిక్విడ్లు? మూడు నెలల్లో ఒక్కో బ్రాంచీలో పది కూడా అమ్ముడవని వస్తువుల జాబితా తీయించండి. కొన్నిటిని ఉంచాలి. షుగరున్నవాళ్ళ కోసం తెచ్చే కొర్రలు నెలకు నాలుగు ప్యాకెట్లే పోవచ్చు, కానీ ఆ నలుగురూ దాని కోసమే వచ్చి పెద్ద బిల్లు చేసి వెళ్తారు. వాళ్ళెవరో బిల్లుల్లో కనబడుతుంది. మిగతావి తీసేయండి. డిస్‌ప్లే రెంటు పోతుంది. పోనివ్వండి. ఒక్కో రాక్‌కు నెలకు ఎంత రెంటు వస్తోందో, ఆ చోట్లో కందిపప్పు గానీ నూనె ప్యాకెట్లు గానీ పెడితే ఎంత మిగులుతుందో పక్కపక్కన రాసి చూడండి. అమ్ముడుపోక ఎక్స్‌పైరీ అయి వెనక్కి పంపడానికి పడే తిప్పలు కూడా అందులో కలపండి. చాలా చోట్ల రెంటే ఓడిపోతుంది.

ఇక నలభై ఐదు రోజుల సంగతి. ఇది మీరు మామూలుగా రాసేశారు గానీ, మీ రాక్‌లు ఎక్కడైనా ఖాళీగా కనబడుతుంటే దానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది. డిస్ట్రిబ్యూటరు దగ్గర బాగా కదిలే సరుకు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. అతను ముందు ఎవరికి వేస్తాడు? వారానికి డబ్బిచ్చేవాడికి. మీకు మిగిలింది వేస్తాడు, దాంతో పాటు కదలనిది కూడా అంటగడతాడు. మీరు మొహమాటపడి దింపుకుంటారు, ఎందుకంటే బాకీ ఉన్నారు. డీమార్ట్ బలం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ధరలే చెబుతారు. డీమార్ట్ స్థాపించిన రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పొవాయ్‌లో మొదటి స్టోరు తెరిచినప్పటి నుంచీ పట్టుకున్న సూత్రాల్లో సరఫరాదారులకు త్వరగా డబ్బు ఇచ్చేయడం ఒకటి. త్వరగా ఇస్తే రేటు తగ్గుతుంది, తగ్గిన రేటే మీ శ్రీమతి గారికి అక్కడ బోర్డు మీద కనబడుతోంది. చాలా స్టోర్ల భవనాలు సొంతవి కావడం కూడా కలిసొచ్చింది. టెస్కో ఈ విషయంలోనూ పడింది. సరఫరాదారుల డబ్బును తన ఖాతాలు బాగా కనబడడం కోసం కావాలనే ఆలస్యం చేసిందని అక్కడి కిరాణా నియంత్రణాధికారి 2016 జనవరిలో తేల్చారు. అప్పటికే, 2015లోనే, చిన్న సరఫరాదారులకు 14 రోజుల్లో ఇచ్చేస్తామని టెస్కో మాటిచ్చింది.

మీరు అందరికీ ఒకేసారి పదిహేను రోజులకు రాలేరు. నూటయాభై వస్తువులు ఎవరిస్తున్నారో చూడండి, మహా అయితే పదిహేను ఇరవై మంది. పప్పుల మిల్లు, నూనె డీలరు, బియ్యం మిల్లు, రెండు మూడు పెద్ద కంపెనీల డిస్ట్రిబ్యూటర్లు. ముందు వాళ్ళకు వారంలో డబ్బు ఇచ్చేయండి. దానికి బదులుగా స్కీము అడగొద్దు, కొనే రేటు తగ్గించమనండి. డెడ్ స్టాక్ అమ్మేసిన డబ్బు ఇందుకే. నష్టానికైనా అమ్మేయండి. గోడౌన్‌లో ఉన్న అగర్‌బత్తి రేపు ఎక్కువకు పోదు.

నాలుగు కొత్త బ్రాంచీల మాటకొస్తే, వద్దు. ఎందుకో చెప్పడానికి మళ్ళీ ఇంగ్లండ్ పోనక్కర్లేదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష అనే దుకాణాల చెయిన్ పదకొండేళ్ళలో దేశమంతటా దాదాపు 1,600 స్టోర్లకు పెరిగి, చేతిలో డబ్బాడక 2009లో మూతపడింది. సరుకు లేని రాక్‌లు, జీతాలు రాని సిబ్బంది, తాళాలు పడ్డ షట్టర్లు. టెస్కోలో లూయిస్ వచ్చాక నష్టాల్లో ఉన్న 43 స్టోర్లు మూసేశారు, కట్టబోతున్న 49 ఆపేశారు. దక్షిణ కొరియాలో బాగా నడుస్తున్న వ్యాపారాన్ని కూడా 2015లో 400 కోట్ల పౌండ్లకు పైగా అమ్మేశారు, అప్పు తగ్గించుకోవడానికి. ఆ ఏడాది టెస్కో ప్రకటించిన నష్టం 640 కోట్ల పౌండ్లు. అందులో ఎక్కువ భాగం ఆస్తుల విలువ తగ్గించి రాసుకోవడం వల్ల వచ్చిందే. మీ ఆరింటిలో ఒకటి నష్టాల్లో ఉంటే, అది మీ నాన్నగారు కొబ్బరికాయ కొట్టి తెరిచిందైనా సరే, ఆలోచించాలి. డీమార్ట్‌కు పోటీగా వేరే పేరుతో చవక స్టోరు పెడదామన్న ఆలోచన కూడా ఎప్పుడో ఒకప్పుడు మీ అబ్బాయికి వస్తుంది. టెస్కోకూ వచ్చింది. 2018లో జాక్ కోహెన్ పేరుతోనే 'జాక్స్' పెట్టింది, 2022లో ఎత్తేసింది. ఆ చవక ధరలేవో సొంత షాపులోనే పెట్టాల్సిందని తేలింది.

యాప్ కూడా ఇప్పుడు వద్దు. మీ దగ్గర అంతకన్నా మంచిది ఉంది, మీరు గమనించినట్టు లేదు. పది నిమిషాల కంపెనీలు ఊళ్ళోకి వచ్చి గోడౌన్ అద్దెకు తీసుకుని, సరుకు నింపి, కుర్రాళ్ళను పెట్టుకుంటాయి. మీకు సరుకుతో నిండిన ఆరు గోడౌన్లు ఇప్పటికే ఉన్నాయి. వాటిని బ్రాంచీలంటున్నారు. వాట్సాప్‌లో చీటీ ఫోటో పెడితే రెండు గంటల్లో సామాను ఇంటికి చేరాలి, అంతే. పది నిమిషాల్లో పాల ప్యాకెట్టు పంపే పోటీలోకి దిగకండి. అది డబ్బు తగలేసే ఆట, పెట్టుబడిదారులున్నవాళ్ళు ఆడుకుంటారు. ఆన్‌లైన్ కిరాణా వల్ల మెట్రో నగరాల్లోని తమ పెద్ద స్టోర్ల మీద ప్రభావం పడుతోందని 2024 అక్టోబర్‌లో డీమార్టే చెప్పుకుంది. కాబట్టి మీ ఒక్కరికే వచ్చిన కష్టమని కుంగిపోనక్కర్లేదు.

మీ జిల్లాల్లో ఒక రకం ఇళ్ళున్నాయి, మీకు నాకన్నా బాగా తెలుసు. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో. ఇంట్లో డెబ్భై దాటిన ఇద్దరు. వాళ్ళకు డీమార్ట్‌లో బండి తోసుకుంటూ అరగంట లైన్లో నిలబడే ఓపిక లేదు, యాప్‌లో ఓటీపీలంటే టెన్షన్. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో డబ్బు కట్టేయడానికి సిద్ధంగానే ఉన్నాడు. వాళ్ళకు కావాల్సింది తెలిసిన కుర్రాడు. ఇరవై ఆరు కిలోల బస్తా గుమ్మం దగ్గర పడేసి పోకుండా, లోపలికి తెచ్చి డబ్బాలో పోసి, పాత బియ్యమేనండీ అని చెప్పి వెళ్ళేవాడు. ఆ పని చేసిపెట్టే యాప్‌ను నేనింకా చూడలేదు. ఆరు బ్రాంచీల్లో కలిపి ఇలాంటి ఇళ్ళు మూడు వందలు దొరికినా అవన్నీ ఒకటో తారీఖు బిల్లులే.

బియ్యం మాట వచ్చింది కాబట్టి, మీ షాపుకు ఉన్న ఇంకో బలం. ఏ మిల్లు బియ్యం ఈ ఏడాది అన్నం ముద్దవుతోందో, ఏ ఊరి బెల్లం అరిసెలకు పాకం నిలుస్తుందో మీకు తెలుస్తుంది. ముంబయిలో కూర్చుని కొనేవాళ్ళకు తెలియదు. ఏప్రిల్‌లో ఆవకాయకు కారం, ఆవపిండి, పప్పునూనె, మెంతులు, రాళ్ళుప్పు ఒకే చోట పెట్టి, ఇన్ని కాయలకు ఇంత అని అట్ట మీద రాయగలిగేది మీరే. ఇలాంటి చోట మీరు మార్జిన్ కూడా నిలబెట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. పప్పుల ప్యాకెట్ల మీద లేని అమ్మమ్మ బొమ్మ వేసి సొంత బ్రాండు చేయకండి. టెస్కో 2016లో 'వుడ్‌సైడ్ ఫామ్స్' లాంటి పేర్లతో చవక మాంసం, కూరగాయలు అమ్మింది. ఆ పేర్లతో పొలాలే లేవని అక్కడి రైతు సంఘాలు గోల చేశాయి. అమ్మకాలకు అది పనికొచ్చింది, మాట మాత్రం పోయింది. మీకు నిజమైన మిల్లు, నిజమైన ఊరు ఉన్నాయి. ఆ పేరే వెయ్యండి.

కౌంటర్ల గురించి ఒక్క ముక్క. 1994లో టెస్కో ఒక నియమం పెట్టుకుంది, మీ ముందు ఒకరికి మించి ఉంటే ఇంకో కౌంటరు తెరుస్తామని. లూయిస్ వచ్చాక హెడ్డాఫీసు వాళ్ళను కూడా స్టోర్లలో పనికి పంపాడు. మీరూ మీ అబ్బాయీ మొదటి పది రోజుల్లో సాయంత్రాలు ఏసీ గదిలో కాకుండా బిల్లింగ్ దగ్గర నిలబడండి. సంచులు మీరే సర్దండి. ఎవరు ఏం వెతికి దొరక్క వెళ్ళారో ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం ముందు నా ఉత్తరం దండగ.

ఎంత ఆశ పెట్టుకోవచ్చో కూడా చెప్పాలి. టెస్కో లేచిందంటారు గానీ 31 శాతానికి మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. వాటా కొన్నేళ్ళు ఇంకా జారి, తర్వాత మెల్లగా పుంజుకుని 2024లో 28 శాతం దగ్గర నిలబడింది. పని పూర్తయిందని లూయిస్ ప్రకటించింది 2019లో, అంటే ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదేళ్ళలో ఆల్డీ, లిడ్ల్ ఎక్కడికీ పోలేదు, ఇంకా పెరిగాయి. డీమార్ట్ కూడా మీ ఊరు వదిలిపోదు. మీ ఊళ్ళో నెల సరుకులంటే మీ షాపొక్కటే అన్న రోజులు తిరిగి రావు. పోయిన ఐదో వంతులో సగం రెండేళ్ళలో వెనక్కి వస్తే, అది కూడా కంపెనీల రెంటు మీద కాకుండా అమ్మకం మీద వస్తే, నేనైతే మీ అబ్బాయి వీపు తడతాను.

మీ శ్రీమతి గారి మాట దగ్గరికి వస్తాను. ఆవిడ మీ మీద కోపంతో అనలేదు. సొంత షాపులో ఊరికే తెచ్చుకునే అవకాశం ఉండి కూడా ఆ మాట అన్నారంటే, అక్కడ ఏదో చూశారు. ఏమిటని మీరు అడిగినట్టు లేదు, సిగ్గుపడి ఊరుకున్నారు. వచ్చే ఒకటో తారీఖున ఆవిడను ఆపకండి. చీటీ ఆవిడే రాసుకోనివ్వండి, మీరు వెంట వెళ్ళి బండి తొయ్యండి. ఏ రాక్ దగ్గర ఆగుతారో, దేన్ని చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేస్తారో చూడండి. అక్కడ సలహాలివ్వొద్దు. ఇంటికొచ్చాక ఆ బిల్లును మీ షాపు ధరల పక్కన పెట్టి ఇద్దరూ కూర్చుని చదవండి. నేను చెప్పిన నూటయాభై వస్తువుల్లో మొదటి నలభై ఆ బిల్లులోనే ఉంటాయి.